ఐదుకి మూడు

ముప్ఫై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. నా చేతి మీదుగా నూటికి నూరు ఎవరికీ పడలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు, ఈ కథకి అవసరం కనుక చెబుతున్నాను. అరవై వస్తే ఫస్ట్ క్లాసు. డెబ్బై అయిదు వస్తే ఇంట్లోవాళ్లు నలుగురికీ చెప్పుకోవచ్చు. తొంభై దాటితే ఆ పేపరు నేను ఇంకోసారి దిద్దుతాను. అలాంటిది, ఐదుకి మూడు వేయడమంటే మనిషిని తిట్టినట్టేనని ఎక్కడో ఎవరో కుర్చీలో కూర్చుని నిర్ణయించేశారు. మార్కులు వేసేదాన్ని నేను, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆ ఏడు వానలు మొదలైన వారానికే మెట్ల మీద జారి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాను. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. డాక్టరు మోకాలి దాకా పిండికట్టు వేసి రెండు నెలలు గడప దాటొద్దన్నాడు. కోడలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. తొమ్మిదింటికి వెళ్లి ఏడింటికి వస్తుంది. మా అబ్బాయి పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడ్డాక, ఆన్‌లైన్‌లో కొన్న సరుకులు ఇళ్లకు చేరవేసే కంపెనీలో చేరాడు. నేను లేవకముందే వెళ్లేవాడు, నేను పడుకున్నాక వచ్చేవాడు. ఒకే కప్పు కింద ఉంటూ వాడి మొహం ఆదివారం తప్ప చూసేదాన్ని కాదు.

నా సణుగుడు భరించలేక కాబోలు, కోడలు ఒకరోజు నా ఫోన్లో షాపింగ్ యాప్ పెట్టి ఇచ్చింది. "చవకలో సరదా వస్తువులు బోలెడుంటాయి అత్తయ్యా. చూస్తూ కూర్చోండి, పొద్దుపోతుంది" అంది.

ఊరికే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. వీపు గోక్కునే చెయ్యి ఒకటి కొన్నాను. లాగితే మూరెడు పొడుగు సాగుతుంది, చివర ఐదు వేళ్లుంటాయి. మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి బెల్లు మోగింది. గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి తలుపు తీద్దును కదా, రెయిన్‌కోటులోంచి నీళ్లు కారుతూ మా అబ్బాయి.

"నా రూటు జాబితాలో మన ఇంటి అడ్రసు చూసి పొరపాటనుకున్నా. నువ్వా అమ్మా కొన్నది?"

"కొనకూడదా ఏం?"

"వీపు దురదా?"

"వీపు కాదురా, కట్టులోపల. ప్రాణం తీస్తోంది."

వాడు పెట్టె విప్పి, నన్ను కుర్చీలో కూలేసి, ఆ చేతిని పిండికట్టులోకి మెల్లగా దూర్చాడు. "ఇక్కడేనా?" అన్నాడు. "ఇంకొంచెం కిందకి" అన్నాను. ఆ సుఖం ఎలాంటిదో కాలు విరిగినవాళ్లకే తెలుస్తుంది. గ్లాసెడు నీళ్లు నిలబడే తాగి, గడియారం చూసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

సాయంత్రం యాప్ నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. వస్తువు ఎలా ఉంది, తెచ్చిన మనిషి ఎలా చేశాడు. ఎర్ర సిరా పెన్ను చేతికిచ్చినంత సంబరమైంది. ఒకప్పటి హాజరు పట్టీ ఖాళీది బీరువాలో ఉంటే తీసి గళ్లు గీసుకున్నాను. తేదీ, వస్తువు, మార్కులు, కారణం. పట్టీలో రాసింది తర్వాత యాప్‌లో ఎక్కించేదాన్ని.

"వీపు గోక్కునే చెయ్యి: చెప్పిన పని చేస్తుంది, చెప్పని చోటికి కూడా అందుతుంది. తడి చేత్తో పట్టుకుంటే పిడి జారుతుంది. ఐదుకి నాలుగు."

"చప్పట్లు కొడితే వెలిగే దీపం: చప్పట్లకు వెలగదు. దగ్గితే వెలుగుతుంది. దగ్గు లేనివాళ్లు కొనవద్దు. ఒకటి."

"ఉల్లిపాయలు కోసేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు: కన్నీళ్లు రావు, నిజమే. ఉల్లిపాయ కూడా కనపడదు. రెండు."

"గుడ్డు ఉడికితే పాటపాడే కోడిపిల్ల: గుడ్డు ఉడికినా పాడుతుంది, ఉడక్కపోయినా పాడుతుంది. పాట మాత్రం బాగుంది. రెండున్నర వేద్దామంటే అర మార్కు వేసే వీలు పెట్టలేదు, అందుకు కంపెనీకి సున్నా."

ఉన్నది ఉన్నట్టు రాశానే తప్ప నేనేం ఘనకార్యం చేయలేదు. అయినా జనం విరగబడి చదివారు. ఆ యాప్‌లో ఎక్కడ చూసినా అద్భుతం, అమోఘం, మా ఇంటిల్లిపాదికీ నచ్చింది అని ఐదేసి స్టార్లు. చెంచా కొన్నవాడూ అమోఘమే, చెప్పులు కొన్నవాడూ అమోఘమే. ఒక్కడూ వస్తువు వాడి రాసినట్టు ఉండదు. కింది వాటాలో ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ రెండ్రోజులకోసారి మెట్లెక్కి వచ్చేది.

"టీచరుగారూ, మీరు మూడు వేసిందేదైనా ఉందా? ఉంటే కళ్లు మూసుకుని కొనేస్తా" అనేది.

ఆవిడకి అర్థమైంది చూశారా. నా మూడు విలువేమిటో చదువుకోని ఆ మనిషికి తెలిసింది, అంత పెద్ద కంపెనీకి తెలియలేదు.

ఇక రెండో ప్రశ్న. తెచ్చిన మనిషి ఎలా చేశాడు? అక్కడ నేను కారణాలు రాయలేదు, స్టార్లు మాత్రమే వేసేదాన్ని. వేళకి తెచ్చాడు, మర్యాదగా ఇచ్చాడు. ఇంకెవరైనా అయితే నాలుగు వేసేదాన్ని. మనవాడు కాబట్టి ఒకటి తగ్గించి మూడు. వాడికి నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెప్పాను, అప్పుడూ నాది ఇదే పద్ధతి. సొంత కొడుక్కి మార్కులు దోచిపెట్టింది అనే మాట నా వెనక ఎవరూ అనలేదు. ఆ సంగతి తలుచుకుని గర్వంగా కూడా ఉండేది.

వారంలో మూడు నాలుగు రోజులు ఏదో ఒకటి వచ్చేది. నిమ్మకాయ పిండే పిట్ట, సూదిలో దారం ఎక్కించే మిషను, మడిచి జేబులో పెట్టుకునే గిన్నె. పన్నెండున్నరకల్లా నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.

ఏడో వారంలో ఒకరోజు కోడలు సాయంత్రం నాలుగింటికే ఇంటికొచ్చింది. గొడుగు మూలన పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, మీ అబ్బాయిని రేపట్నుంచి ఊరవతల రూటుకి మార్చారు. వెళ్లడానికే గంటన్నర. రోడ్డంతా గుంతలు, మోకాల్లోతు నీళ్లు."

"ఎందుకు మార్చారు? వాడేం తప్పు చేశాడు?"

"మార్కులు తగ్గాయట. సగటు నాలుగున్నర కంటే తగ్గితే దూరం రూటు. నాలుగు కంటే తగ్గితే ఐడీ ఆపేస్తారు, అంటే ఉద్యోగం పోయినట్టే. ఇప్పుడు సరిగ్గా నాలుగు మీద ఉంది. ఇంకొక్క మూడు పడితే అయిపోయినట్టే."

"మూడు పడితేనా?"

"రోజుకి తొంభై ఇళ్లు తిరుగుతాడు కదా, స్టార్లు వేసే ఓపిక ఎవరికుంటుంది? ఈ రెండు నెలల్లో మొత్తం వేసింది ముప్ఫై ఎనిమిది సార్లు. అందులో పందొమ్మిది ఐదులు. మిగతా పందొమ్మిదీ మూడులు. ఎవరో పనిగట్టుకుని వేస్తున్నారు."

"ఎవరో ఏంటి, నేనే" అన్నాను. "ఫస్ట్ క్లాసే కదా."

కోడలు లేచింది. చెప్పులు విప్పి వాటి చోట వాటిని పెట్టి వచ్చింది. అరిచినా బాగుండేది.

"మీరేనని ఆయనకి తెలుసు అత్తయ్యా. మొదటి వారంలోనే తెలుసు" అంది.

"తెలిస్తే నాతో చెప్పడేం? నోట్లో నాలుక లేదా?"

"నేనూ అదే అడిగాను. ‘మా అమ్మ దగ్గర మూడు వచ్చిందంటే బాగా చేస్తున్నట్టే’ అన్నాడు."

కోడలు లేచి పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టింది. అక్కణ్నుంచే, నా వైపు చూడకుండా, "ఆ లెక్కల పేపరు సంగతి కూడా నాకు చెప్పాడు. పెళ్లయిన కొత్తలోనే" అంది.

ఆ పేపరు సంగతి లోకంలో ఇద్దరికే తెలుసనుకున్నాను, నాకూ వాడికీ. తొమ్మిదో తరగతి ఆఖరి పరీక్షలో వాడు అన్ని లెక్కలూ సరిగ్గా చేశాడు. నేను గంటసేపు తప్పు వెతికాను. దొరకలేదు. జవాబుల కింద గీత కొట్టలేదని రెండు మార్కులు తీసేసి తొంభై ఎనిమిది వేశాను. తొంభై తొమ్మిది వచ్చిన ఇంకో పిల్లకి బడివాళ్లు చేతి గడియారం బహుమతి ఇచ్చారు. ఆ పిల్ల కూడా గీతలు కొట్టలేదు. వాడు ఇంటికొచ్చి పేపరు నాకు చూపించి, మడిచి సంచిలో పెట్టుకుని ఆడుకోవడానికి వెళ్లాడు. ఒక్క మాట అడగలేదు. ఇంటర్లో లెక్కలు తీసుకోనన్నాడు, నేను సరే అన్నాను.

కంచే చేను మేయడం అంటారు. ఆ కంచె నేనే.

మర్నాడు పన్నెండున్నరకి అలవాటు కొద్దీ తలుపు దగ్గర కూర్చున్నాను. బెల్లు మోగింది. నీలం రెయిన్‌కోటులో ఒకావిడ, నలభై ఏళ్లుంటాయి, చేతిలో నా పెట్టె. "సంతకం అక్కర్లేదండీ" అని ఇచ్చేసి మెట్లు దిగిపోయింది. నీళ్లు తాగుతారా అని అడిగేలోపే కింది అంతస్తులో ఉంది. పెట్టె విప్పితే గోడకి అంటించుకునే కప్పల బొమ్మలు, బట్టలు తగిలించుకోవడానికి. వాటిని చూస్తూ కూర్చుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. కప్పలు నాకెందుకు? కోడిపిల్ల ఎందుకు? అన్నిటి గురించీ ఉన్నది ఉన్నట్టు రాశానని విర్రవీగాను గానీ, ఎందుకు కొంటున్నానో మాత్రం పట్టీలో ఏ గడిలోనూ రాయలేదు. పన్నెండున్నరకి వాడు వస్తాడని కొన్నాను. నాలుగు నిమిషాలు వాడి మొహం చూడొచ్చని కొన్నాను. ఆ వచ్చిన ప్రతిసారీ వాడి ఉద్యోగంలోంచి ఒక ముక్క నేనే కోశాను.

నా మీద కోపం ఒక రాత్రికి చాలింది. తెల్లారేసరికి అది కంపెనీ మీదకి తిరిగింది, అటు తిరగడమే న్యాయం కూడా. ఇస్త్రీ దుకాణం ఆవిడ నన్ను ఒక చంకలో, చేతికర్రని ఇంకో చంకలో పెట్టుకుని మూడంతస్తులూ దింపి, బండి మాట్లాడి వాళ్ల గోడౌనుకి తీసుకెళ్లింది. కొండంత పెట్టెల మధ్య చిన్న గాజు గది, అందులో సూపర్‌వైజరు. పట్టీ తీసి అతని బల్ల మీద పెట్టాను.

"ఐదుకి మూడంటే ఎంత శాతం?"

అతను నన్నూ కట్టునీ మార్చి మార్చి చూశాడు. "అరవై, మేడమ్."

"అరవై అంటే ఏంటి? ఫస్ట్ క్లాసా, ఫెయిలా?"

"బడిలో ఫస్ట్ క్లాసే మేడమ్. ఇక్కడ ఐదంటే పని చేశాడని. నాలుగంటే ఏదో తేడా ఉందని. మూడంటే కంప్లైంటు."

"ఆ ముక్క స్టార్లు వేసే చోట రాశారా?"

"రాయలేదు."

"ప్రశ్నపత్రం ఇస్తూ నూటికి నూరు వస్తేనే పాసని చెప్పరా? దిద్దేవాళ్లకీ చెప్పరు, రాసేవాళ్లకీ చెప్పరు. ఐదు వేస్తే గానీ పాసవని పరీక్ష ఏం పరీక్ష? అలాంటప్పుడు ఒకటీ రెండూ మూడూ నాలుగూ పెట్టడమెందుకు, షోకా? నిజం చెప్పినవాళ్ల మార్కుతో మనుషుల కూడు తీసేస్తారా?"

"నేను పెట్టిన పద్ధతి కాదు మేడమ్."

"మీకెవరు వేస్తారు మార్కులు?"

అతను గొంతు తగ్గించాడు. "పైవాళ్లు. నాకు నాలుగు పాయింట్ ఆరు. నాలుగు పాయింట్ ఐదైతే నన్నూ మారుస్తారు."

ఎవరి మీద అరవాలో తెలియకుండా చేయడమే వీళ్ల నేర్పు. అయినా అతను మనిషి మంచివాడే, కుర్చీ జరిపి కాలు పెట్టుకోమన్నాడు. పాత మార్కులు కస్టమరే మార్చవచ్చునని, రెండు నెలల లోపువైతే చెల్లుతాయని చెప్పాడు. ఊరికే నొక్కుకుంటూ పోతే మిషను అనుమానించి కొట్టేస్తుందట. ప్రతిదానికీ కారణం రాయాలి, పదిహేను మాటలకి తగ్గకూడదు.

"కారణాలు రాయడం నాకు చెప్పక్కర్లేదు" అన్నాను. "వాడు నా కొడుకు."

"అది మాత్రం రాయకండి మేడమ్, సిస్టం తీసేస్తుంది."

"అబద్ధం రాయమంటారా?"

"అబద్ధం వద్దు. ఆ ఒక్కటి వదిలేయండి, చాలు."

మూడు పగళ్లు కూర్చుని రాశాను. పట్టీలో తేదీలున్నాయి కాబట్టి ఏ రోజు ఏ వస్తువో తెలుస్తోంది. వస్తువు చూస్తే ఆ రోజు కళ్లముందుకొచ్చేది. పందొమ్మిది సార్లూ వాణ్ని నేను ఎంత శ్రద్ధగా చూశానో రాస్తుంటే గానీ నాకే తెలియలేదు.

"నిమ్మకాయ పిండే పిట్టని తెచ్చిన రోజు: బెల్లు ఒక్కసారే కొట్టాడు. ఇంట్లో కాలు విరిగిన మనిషి ఉందని, తొందరపెట్టకూడదని. తలుపు తీసేదాకా ఆయాసం వినపడకుండా అణుచుకుని నిలబడ్డాడు. మూడంతస్తులు ఎక్కిన మనిషి అది దాచడం తేలిక కాదు."

"కోడిపిల్లని తెచ్చిన రోజు: బూట్లు బయటే విప్పాడు. మేజోళ్లు రెండూ చిరిగి ఉన్నాయి. నేల మీద ఒక్క తడి మరక లేదు."

"దీపం తెచ్చిన రోజు: అది వెలగకపోతే అతని తప్పు కాదు. అయినా అతను ఆగి, నాలుగు సార్లు చప్పట్లు కొట్టి చూశాడు."

ఒక్కోటీ రాసి, చివర ఐదు నొక్కాను. మొదటిసారి వేలు నాలుగు మీదే ఆగిపోయింది. అలవాటు చెడ్డది. తప్పు వెతికే కన్ను వెతుకుతూనే ఉంది. ఆ కన్ను మూసుకుని నొక్కాను. రెండోసారి తెరిచే నొక్కాను.

వారం తిరిగేసరికి వాడి ఐడీకి వచ్చిన గండం తప్పింది. దగ్గర రూటు మాత్రం మళ్లీ ఇవ్వలేదు, అప్పటికే అది నీలం రెయిన్‌కోటు ఆవిడకి ఇచ్చేశారు. ఆవిడ పిల్లలకి కూడా కూడు కావాలి కదా, అడగడానికి నాకు నోరు రాలేదు. వానలు తగ్గేదాకా వాడు ఊరవతలే తిరిగాడు. నేను ఇక ఏమీ కొనలేదు.

ఐడీ గండం తప్పిన ఆ ఆదివారం మధ్యాహ్నం కోడలు నిద్రపోతోంది. వాడు నా కుర్చీ పక్కన నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఫోను చూస్తున్నాడు. కస్టమర్లు రాసినవి వాళ్లకీ కనపడతాయట, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వేలితో పైకి తోస్తూ ఒక్కోటీ చదువుతున్నాడు. చాలాసేపు చదివాడు. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

"అమ్మా, ఇందులో ఒకటి తప్పుంది" అన్నాడు.

"ఏం తప్పు?"

"మడిచే గిన్నె తెచ్చిన రోజు. ఆ రోజు పెట్టె తడిసిపోయింది. అడుగు అట్ట ఊడి నీ చేతిలోకొచ్చింది. నువ్వు తిట్టావు కూడా."

"తిట్టాను."

"దానికీ ఐదు వేశావు."

"వేశాను."

"అన్నీ ఐదులే ఉంటే నువ్వు వేసినట్టు లేదు. ఆ ఒక్కదానికీ నాలుగు వెయ్యమ్మా, ఫర్వాలేదు. ఉద్యోగం పోదులే."

ఫోను నా ముందు పెట్టాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. తప్పు నిజమే. ఆ లెక్కల పేపరులో నేను గంటసేపు వెతికినా దొరకని తప్పు, ఈ రోజు వాడే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"వేసిన మార్కు నేను మార్చను" అన్నాను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ వెనక తగిలించి ఉన్న ఆ వీపు గోకే చేతిని తీసి, మూరెడు సాగదీసి, పిండికట్టులోకి మెల్లగా దూర్చాడు.

"ఇక్కడేనా?" అన్నాడు.

"ఇంకొంచెం కిందకి" అన్నాను.